చిన్న జాతి కుక్క ఎంపిక - మూడో పాఠం: బరువు చూడకండి, పని చూడండి

రెండో పాఠం చివర ఒక పట్టిక వేయమన్నాను. మీ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏ గంటలో ఎవరు ఉంటారో, వాళ్లలో ఎవరికి తీరిక ఉంటుందో రాసి, పక్కన మీకు నచ్చిన మూడు జాతులు రాయమన్నాను. చాలామంది మొదటి సగం వదిలేసి జాతుల పేర్లు మాత్రమే రాశారు. ఆ జాతులే ఎందుకు అంటే వచ్చిన జవాబు దాదాపు ఒకటే: "అయిదారు కిలోలే కదండీ, పెద్దగా పని ఉండదు." అందుకే ఈసారి చెప్పాల్సిన మలమూత్రాల అలవాటు పాఠాన్ని వాయిదా వేశాను. ముందు ఈ పొరపాటు సరిచేసుకుందాం.

చిన్న కుక్క తక్కువ తింటుంది, తక్కువ చోటులో పడుకుంటుంది, ఎత్తుకోవడం తేలిక. బరువు తక్కువైతే కలిసొచ్చేది ఇంతవరకే. రోజూ ఎంత తిరగాలి, ఎంత మొరుగుతుంది, ఎంతసేపు ఒంటరిగా ఉండగలదు అనేవి బరువు చెప్పే సంగతులు కావు. ఆ జాతిని మనుషులు తరతరాలుగా ఏ పనికోసం పెంచుకొచ్చారో, చాలావరకు అది చెబుతుంది.

పగ్‌ను, జాక్ రస్సెల్ టెర్రియర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. పగ్ ఆరు నుంచి ఎనిమిది కిలోలు ఉంటుంది, జాక్ రస్సెల్ కూడా ఆరు కిలోల దగ్గరే. పగ్ చైనా రాజాస్థానాల్లో మనుషుల ఒడిలో పెరిగిన జాతి. జాక్ రస్సెల్‌ను ఇంగ్లండ్‌లో నక్కల వేట కోసం తయారు చేశారు. గుర్రాల వెంట పరుగెత్తి, నక్క దూరిన బొరియలోకి దిగి, దాన్ని బయటికి తరమడం దాని పని. ఆ పట్టుదల ఇప్పటికీ దాని రక్తంలో ఉంది. వీధి చివరిదాకా పది నిమిషాలు తిప్పి తెచ్చి ఫ్లాట్‌లో వదిలేస్తే సోఫా చీలుస్తుంది, తలుపు గీకుతుంది. అప్పుడు "ఈ కుక్క మొండిది" అంటారు. దానికి పని లేదు, అంతే.

డాక్స్‌హండ్‌నే తీసుకోండి. జర్మనీలో బ్యాడ్జర్ అనే జంతువును బొరియలోనే ఎదుర్కొనేందుకు పెంచిన కుక్క ఇది. పొట్టి కాళ్లు అందుకే, తవ్వే అలవాటూ అందుకే. భూమి లోపల్నుంచి యజమానికి వినపడాలి కాబట్టి ఒంటికి మించిన గొంతు ఉంటుంది. గోడ పక్కనే ఇంకో ఇల్లున్నవాళ్లు ఈ గొంతు సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఆ పొడవాటి వెన్నుతో ఇంకో చిక్కుంది. డిస్కు జారే ప్రమాదం ఈ జాతిలో చాలా ఎక్కువ. మంచం మీంచి దూకనివ్వకూడదు, మెట్లు ఎక్కనివ్వకూడదు, లావెక్కనివ్వకూడదు. యార్క్‌షైర్ టెర్రియర్ మూడు కిలోలే. రిబ్బను కట్టిన ఫొటోలు చూసి బొమ్మలా ఉందనుకుంటారు. దాని పూర్వీకులు ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టినవి. చిన్న అలికిడికే లేచి మొరుగుతుంది.

"అయితే ఒడి కుక్కే తెచ్చుకుంటాం" అంటారా? అక్కడే ఇంకా జాగ్రత్త కావాలి. మాల్టీస్, కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ లాంటివాటిని పెంచిందే మనిషి పక్కన ఉండటానికి. వాటి పని మీరే. పొద్దున తాళం వేసి వెళ్లి సాయంత్రం తాళం తీసే ఇంట్లో ఇవి బెంగపెట్టుకుంటాయి, ఏడుస్తాయి. పట్టికలో మొదటి సగం నింపమని పట్టుబట్టింది ఇందుకే.

పని తరవాత మూతి చూడండి. కుక్కకు చెమట దాదాపు పట్టదు, రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. పగ్, షిట్జూ, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల మూతి అణిగిపోయి ఉంటుంది, గాలి వెళ్లే దారి ఇరుకు. ఎండలో నడిపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నిద్రలో గురక పెడుతుంటే ముద్దుగా ఉందని వీడియో తీస్తారు. చాలాసార్లు అది ఊపిరి అందని బాధ. నేనైతే అణిగిన మూతి జాతిని ఎవరికీ సిఫారసు చేయను. ఎవరైనా అడిగితే రెండు మూడేళ్లు నిండిన కుక్కను దత్తత తీసుకోమంటాను. దాని స్వభావం, గొంతు, ఆరోగ్యం అప్పటికే బయటపడి ఉంటాయి.

బొచ్చు గురించి రెండు మాటలు. షిట్జూ, మాల్టీస్, పూడిల్ వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి, రోజూ దువ్వాలి, నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలి. పొమెరేనియన్‌ది రెండు పొరల బొచ్చు, ఎండాకాలమని గుండు చేయించకండి. "టీకప్" అనే జాతి లేదు. అతి చిన్నగా పుట్టినవాటికి పెట్టే అమ్మకపు పేరది. వాటికి ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోతుంది, చేతుల్లోంచి దూకితే కాలు విరుగుతుంది.

టీకాలు, నులిపురుగుల మందు సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నాను. పళ్ల మాట మాత్రం చెప్పాలి. పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా పళ్లు 42. చిన్న నోట్లో అవి ఇరుక్కుని గార పడుతుంది, చిగుళ్లు చెడతాయి. కుక్కల పేస్టుతో రోజూ తోమాలి. మనుషుల పేస్టు వాడకండి, కొన్నిటిలో ఉండే జైలిటాల్ కుక్కకు విషం. ఏడో నెలకూ పాలపళ్లు ఊడకపోతే డాక్టరుకు చూపించండి.

అభ్యాసం: కుక్కను తేకముందే ఏడు రోజులు కుక్క ఉన్నట్టు బతకండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడక, వాన పడినా సరే. ఇంట్లో ఉన్నంతసేపు మూడు గంటలకోసారి కిందికి దిగి రండి, రెండు నెలల పిల్ల అంతకన్నా ఆపుకోలేదు. రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని లేవండి. రోజూ పది నిమిషాలు దువ్వడానికి, అయిదు నిమిషాలు పళ్లకు కేటాయించి, ఆ సమయంలో ఇంకో పని పెట్టుకోకండి. తప్పిన ప్రతిసారీ ఎవరి వంతు తప్పిందో పేరుతో సహా రాయండి. నడక రెండుసార్లకు మించి తప్పితే మీ జాబితాలోంచి టెర్రియర్లన్నీ కొట్టేయండి. రాత్రి లేవలేకపోతే పిల్లను కాదు, పెరిగిన కుక్కను చూడండి. మిగిలిన ప్రతి జాతి పక్కన "పని" అని ఒక గడి గీసి, దాన్ని ఎందుకోసం పెంచారో ఒక్క వాక్యంలో నింపండి. చిన్న జాతులు చాలావరకు 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి, కాబట్టి ఉద్యోగం మారినా, ఊరు మారినా దాని బాధ్యత ఎవరిదో ఆ కాగితం అడుగున ఒక పేరు రాసి, వాళ్లచేత సంతకం పెట్టించండి.