చేప బొమ్మ గీయడం నేర్చుకుందాం – 6వ పాఠం: రాళ్ల సందులో మాండరిన్

పోయిన పాఠంలో కొర్రమీను గీశాం. పాము తల, పొడుగు మొండెం, బురద రంగు. ఈసారి చేప చిటికెన వేలంత. పసిఫిక్ మహాసముద్రం పడమటి అంచున, జపాన్ దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల్లో దాక్కుని బతుకుతుంది. పేరు మాండరిన్. పాతకాలపు చైనా రాజోద్యోగుల పట్టు అంగీల మీది రంగులను గుర్తు చేస్తుందని ఆ పేరు వచ్చింది. ఆల్బర్ట్ హెర్రే అనే శాస్త్రవేత్త 1927లో దీన్ని మొదటిసారి వర్ణించాడు.

ఫొటో చూడగానే చెయ్యి నారింజ రంగు పెన్సిల్ మీదికే పోతుంది. కాసేపు ఆగండి. ఈ బొమ్మలో ముందు గీయాల్సింది చేపను కాదు, అది దాక్కునే చోటును. చేప ముందు గీసి చుట్టూ రాళ్లు పేర్చితే అది రాళ్ల ముందు అతికించినట్టు ఉంటుంది తప్ప సందులో ఉన్నట్టు ఉండదు.

పగడపు దిబ్బ అంటే తేట నీళ్లు, రంగురంగుల కొమ్మలు అనుకుంటాం. మాండరిన్‌కు అలాంటి చోటు అక్కర్లేదు. అలల పోటు తగలని లోపలి నీళ్లు, విరిగి పడిన పగడపు ముక్కలు, వాటి మధ్య ఒండ్రు ఉంటే చాలు. సాధారణంగా 18 మీటర్ల లోతు దాటదు. ఆ ముక్కల మీద పాకే కంటికి ఆనని చిన్న పురుగుల్లాంటి జీవులే దాని తిండి. పగలంతా సందులు వదలదు.

సముద్రం మనకు దూరమే. కానీ విరిగిన రాళ్ల గుట్ట ఎలా ఉంటుందో ఓరుగల్లు వాళ్లకు ఒకరు చెప్పాలా? ఖిలా వరంగల్ వెళ్లండి. కూలిన చెక్కడపు రాళ్ల దగ్గర ఒక పక్కగా కూర్చోండి. తొండ ఒకటి వచ్చి సందులో దూరే దాకా కదలొద్దు. అది మాయమైన చోట నీడ ఎంత నల్లగా ఉందో, రాయి అంచు మీద వెలుగు ఎక్కడ తెగిపోయిందో, అదొక్కటే గీయండి. ఇలాంటివి పది సందులు గీశాకే కింది భాగం చదవండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఈ పాఠంలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఇప్పుడు చేప. అసలు కొలతలోనే గీద్దాం: 6 సెంటీమీటర్లు. తల వెడల్పు, తోక వైపు సన్నబడుతుంది. కళ్లు కప్ప కళ్లలా పైకి ఉబ్బి ఉంటాయి. నోరు చాలా చిన్నది. పొట్ట కింది రెక్కలు విసనకర్రల్లా పెద్దవి. వాటిని నేలకు ఆనించి నడిచినట్టు కదులుతుంది, అందుకే వాటిని చిన్నగా గీస్తే చేప తేలిపోతుంది. మగదా ఆడదా ముందే అనుకోండి. మగదానికి వీపు మీద మొదటి ముల్లు పొడుగ్గా లేచి ఉంటుంది, ఒళ్లు కూడా పెద్దది.

పొలుసులు గీయొద్దు. వాలుగకు లేనట్టే దీనికీ ఉండవు. ఒంటి మీద దట్టమైన జిగురు ఉంటుంది, దానికి చెడు వాసన, రుచీ చేదే.

నీలం దగ్గర కొంచెం నిలబడాలి. నెమలి మెడ నీలం, దసరా నాడు మనం వెతుక్కునే పాలపిట్ట రెక్క నీలం, రెండూ రంగు పదార్థం వల్ల వచ్చినవి కావు. ఈకలోని సన్నని నిర్మాణం మీద వెలుగు చెదిరి అలా కనిపిస్తాయి. మాండరిన్ నీలం అలాంటిది కాదు. దాని చర్మ కణాల్లో నిజంగానే నీలి రంగు ఉందని 1995లో జపాన్ పరిశోధకులు చూపించారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇలాంటి నీలం దీనిలోనూ, దీని దగ్గరి బంధువైన ఇంకో చేపలోనూ బయటపడింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి దీని నీలాన్ని తేలిగ్గా దిద్దబుద్ధి కాలేదు. నెమలి మెడకు వదిలినట్టు తెల్లటి మెరుపు వదలకండి. సమంగా, గట్టిగా నింపండి.

వంకర గీతలకు ముందు నీలం వేయండి, తర్వాత మధ్యలో నారింజ. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టి రంగు అవుతుంది, కాబట్టి సన్నని ఖాళీ వదలండి. గీతలు ఏ రెండు చేపల్లోనూ ఒకేలా ఉండవు, ఫొటోలో ఉన్నట్టే రావాలని తంటాలు పడకండి.

ఈ వారం పని: పొద్దుగూకే వేళ. అప్పుడే మగా ఆడా పక్కపక్కన చేరి రాళ్ల మీద నుంచి మీటరు ఎత్తుకు లేస్తాయి, గుడ్లు వదిలి వెంటనే కిందికి దూకుతాయి. ఆ జంటను పైన, కింద మీరు ఖిలాలో గీసిన ఒక సందును ఖాళీగా పెట్టి గీయండి. వెలుగు తగ్గింది కాబట్టి నారింజను కాస్త మసకగా ఉంచండి.