స్కాట్లాండ్ జమీందారీ కుటుంబం వంశవృక్షం, డాలు చిహ్నం ఎలా వెతకాలి? మన్రోల ఇంటిని పట్టుకుని ఒక ప్రయత్నం

పత్తికొండ చుట్టుపక్కల వాళ్లకు మన్రో పేరు కొత్త కాదు. దత్త మండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు ఊరూరా తిరిగి రైతువారీ పద్ధతిని నిలబెట్టిన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో కన్నుమూశారు. సీమలో కొందరు పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆయనకు బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు 1825లో వచ్చింది. దాన్ని పూర్తిగా చదివితే చివర్లో మనకు తెలియని ఒక పేరు కనిపిస్తుంది: లిండర్టిస్. స్కాట్లాండ్‌లో ఆంగస్ ప్రాంతంలో, కిరీమ్యూర్ అనే ఊరి దగ్గరి ఎస్టేటు అది. స్కాట్లాండ్ కుటుంబం వంశవృక్షమైనా, డాలు బొమ్మ మీద గీసుకునే గుర్తు, అంటే డాలు చిహ్నమైనా వెతకాలంటే ఇలాంటి ఒక్క పేరు చాలు.

1. ఇంటిపేరును కాదు, భూమి పేరును పట్టుకోండి

మన్రోలు వేలమంది ఉన్నారు. ఇంటిపేరుతో వెతికితే చెరువులో నీటిబొట్టును వెతికినట్టే. అక్కడ భూమి ఉన్న కుటుంబాన్ని భూమితో కలిపే పిలుస్తారు: ఫౌలిస్ మన్రోలు, లిండర్టిస్ మన్రోలు. పాత ఉత్తరాల్లో అయితే మనిషి పేరు రాయకుండా 'ఫౌలిస్ వచ్చాడు' అని రాసేవాళ్లు. ఫౌలిస్ అంటే ఉత్తరాన రాస్‌షైర్‌లో ఉన్న కోట, మన్రో వంశ పెద్దల ఇల్లు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల నుంచే వచ్చాయి కాబట్టి ఈ పద్ధతి మనకు తొందరగా పట్టుబడుతుంది. ఇంటిపేరు, భూమి పేరు ఒకటే అయినప్పుడు 'ఆఫ్ దట్ ఇల్క్' అని రాస్తారు.

కాగితం మీద మనిషి పేరు, ఎస్టేటు, కౌంటీ, ఈ మూడూ రాసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చోండి.

2. దగ్గరి మనిషి నుంచి వెనక్కి నడవండి

పేరున్న పూర్వీకుడితో మొదలుపెట్టి కిందికి రావాలని మనసు లాగుతుంది. ఆగండి. రుజువు ఉన్న చివరి మనిషి నుంచి పైకి వెళ్లండి.

లిండర్టిస్ ఇంట్లో అలాంటి మనిషి నాలుగో బారొనెట్ సర్ హ్యూ మన్రో. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల జాబితాను 1891లో అచ్చువేయించింది ఆయనే. ఇవాళ ఆ కొండల్ని 'మన్రోలు' అనే అంటారు, ఇప్పటి లెక్కలో 282 ఉన్నాయి. పత్తికొండలో పోయిన గవర్నరుకు ఈయన మనవడు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. గవర్నరు తర్వాత బిరుదు పెద్దకొడుక్కి వెళ్లింది, ఆయన పేరూ థామసే. 1850 నాటి కాగితంలో 'సర్ థామస్ మన్రో' అని కనిపిస్తే అది తండ్రి కాదు, కొడుకు. ఇక 1901లో ఆ కొడుకు పోయాక బిరుదు తమ్ముడు క్యాంప్‌బెల్‌కు వచ్చింది, 1913లో ఆయన కొడుకు హ్యూకి. అంటే రెండో బారొనెట్ హ్యూకి పెదనాన్న. జాబితాలో ఒకరి కింద ఒకరు ఉన్నారని తండ్రీకొడుకులుగా గీసేస్తే చెట్టంతా తప్పవుతుంది.

తాత పేరు మనవడికి పెట్టడం అక్కడా ఆనవాయితీ. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టేవాళ్లు. అందరూ పాటించారని కాదు గానీ, మంచి ఆచూకీ.

3. పుట్టుక, పెళ్లి, చావు రికార్డులు

స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి. వెతకడానికి డబ్బు అక్కర్లేదు, అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు, వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ గ్రామానిది, 1553 నుంచి ఉంది. మరణ నమోదులో తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు. దాని వల్లనే ఎన్నో ముడులు విడిపోతాయి.

కానీ జమీందార్లు ఒకచోట ఉండే మనుషులు కారు. హ్యూ పుట్టింది లండన్‌లో, పోయింది 1919లో ఫ్రాన్స్‌లోని తరస్కాన్‌లో. స్కాట్లాండ్ రిజిస్టర్లలో దొరకలేదని టెన్షన్ పడకండి, ఇంగ్లండ్ రిజిస్టర్లూ వీలునామాలూ చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల చర్చి పట్టీలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి.

4. భూమి కాగితాలు

నా లెక్కలో అసలు నిధి ఇక్కడే ఉంది. 1868 వరకు స్కాట్లాండ్‌లో భూమిని మామూలు వీలునామాతో రాసివ్వడం కుదిరేది కాదు. వారసుడు జ్యూరీ ముందు తాను ఫలానావారి వారసుణ్ని అని నిరూపించుకోవాల్సి వచ్చేది. ఆ తీర్పు కాగితాన్ని రెటూర్ అంటారు. చనిపోయినవాడికీ వారసుడికీ చుట్టరికం ఏమిటో అందులో స్పష్టంగా ఉంటుంది. పాతవి లాటిన్‌లో ఉంటాయి, కానీ వరస చెప్పే మాటలు పది నేర్చుకుంటే పని జరుగుతుంది.

భూమి చేతులు మారితే సేసీన్ల (భూమి స్వాధీనం చేసిన పత్రాల) రిజిస్టరులో రాసేవాళ్లు, అది 1617లో మొదలైంది. అప్పట్లో ఆ పొలంలోనే నిలబడి, నోటరీ ఎదుట, గుప్పెడు మట్టి, ఒక రాయి కొత్త యజమాని చేతిలో పెట్టేవాళ్లు. ఆ తంతు అవసరం 1845లో పోయింది. సేసీన్ చదివేటప్పుడు సాక్షుల పేర్లు వదలొద్దు. బావమరుదులు, మేనమామలు తరచుగా అక్కడే కనిపిస్తారు.

కొన్ని ఎస్టేట్లకు 'ఎంటెయిల్' అనే కట్టడి ఉండేది, అంటే ఆస్తి అమ్ముడుపోకుండా ముందే రాసిపెట్టిన వారసుల వరసలోనే వెళ్లాలి. 1685 చట్టం దానికి ఆధారం. ఆస్తి కూతురి ద్వారా వెళ్తే అల్లుడు ఆ ఇంటిపేరు, ఆ డాలు పెట్టుకోవాలని కొన్నిటిలో షరతు. ఒక తరంలో ఇంటిపేరు హఠాత్తుగా మారితే ఎంటెయిల్ల రిజిస్టరు చూడండి.

5. డాలును చదవడం

పాత పుస్తకం అట్ట లోపల యజమాని అంటించుకున్న చిన్న అచ్చుబొమ్మ ఒకటి దొరికిందనుకోండి. నలుపు తెలుపులో ఉన్నా రంగులు తెలుస్తాయి. భూతద్దం పెట్టండి. చుక్కలుంటే బంగారు రంగు. ఖాళీగా ఉంటే వెండి. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, అడ్డం నిలువు కలిస్తే నలుపు. చుక్కల మీద తెగిన గద్ద తల, ఆ తలలో నిలువు గీతలు కనిపిస్తే, బంగారు డాలు మీద ఎర్ర గద్ద తల అన్నమాట. ఫౌలిస్ కోటలోని మన్రో వంశ పెద్ద వాడే డాలు అదే. వాళ్ల నినాదానికి అర్థం 'దేవుడికి భయపడు'.

తర్వాత అంచు చూడండి. డాలు చుట్టూ పట్టీ ఉంటే సాధారణంగా చిన్నకొడుకుల శాఖ. పైన కిందికి మూడు పళ్లు వేలాడే అడ్డపట్టీ ఉంటే, తండ్రి బతికుండగా పెద్దకొడుకు వాడినది. ఒక మూల ఎర్ర చెయ్యి ఉంటే బారొనెట్.

6. లార్డ్ లయన్ కోర్టులో సరిచూసుకోండి

స్కాట్లాండ్‌లో డాలు చిహ్నం ఇంటిపేరుకు చెందదు, ఒక మనిషికి చెందుతుంది. ఎడిన్‌బరోలోని లార్డ్ లయన్ కోర్టు 1672 చట్టం ప్రకారం డాలు చిహ్నాల రిజిస్టరు ఒకటి నిర్వహిస్తోంది. పాత నమోదులు స్కాట్లాండ్స్ పీపుల్‌లోనే చూడవచ్చు. శాఖ వారసుడు తన డాలును నమోదు చేయించుకున్నప్పుడు తరచుగా పూర్వీకుల వరసా రాసి ఉంటుంది, అందుకే ఇది వంశవృక్షానికీ పనికొస్తుంది. 'మీ ఇంటిపేరు డాలు' అని కప్పుల మీద వేసి అమ్మేవాటిని ఆధారంగా తీసుకోకండి. హక్కు లేని డాలు వాడటం అక్కడ చట్టరీత్యా నేరం. వంశంలోని మామూలు మనిషికి అనుమతి ఉన్నది బెల్టు, బకిల్ చుట్టిన వంశ పెద్ద గారి శిరోచిహ్నం (డాలు పైన ఉండే గుర్తు) వరకే.

7. చెట్టు గీయడం

ప్రతి గీత పక్కనా అది ఏ కాగితంలో దొరికిందో రాయండి. కాగితం చేతిలో ఉన్నచోట నిండు గీత, ఊహ అయినచోట చుక్కల గీత. గవర్నరు మన్రో తండ్రి అలెగ్జాండర్ గ్లాస్గో వర్తకుడు. ఆయన నుంచి ఫౌలిస్ కోట దాకా వెళ్లే గీతకు మీకు మీరుగా ఒక రెటూరో, చర్చి నమోదో దొరికేవరకు పెన్సిల్‌తో చుక్కలే పెట్టండి.