పసిబిడ్డకు పాలు పడనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

సమస్య: పాలు పట్టిన కొద్ది నిమిషాల్లో, లేదా రెండు గంటల లోపు, ఒంటినిండా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, పిల్లికూతలు.

ఆవుపాలలోని కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి ప్రోటీన్లకు బిడ్డ శరీరం ఐజీఈ అనే, అలర్జీని రేపే యాంటీబాడీలతో ఎదురు తిరగడమే దీనికి కారణం. ఊపిరి కష్టమైనా, బిడ్డ తోటకూర కాడలా వాలిపోయినా 108కు ఫోన్ చేయాలి. నిజమో కాదో చూద్దామని ఇంట్లో మళ్ళీ పట్టి చూడకూడదు.

సమస్య: మలంలో జిగట, నెత్తుటి చారలు, తగ్గని గజ్జి లాంటి చర్మం, పాలు తాగాక గంటల తరబడి ఏడుపు.

ఇది ఆలస్యంగా, రెండు గంటల నుంచి మూడు రోజుల లోపు బయటపడే రకం కాబట్టి తల్లిదండ్రులకు పాల మీద అనుమానం రాదు. ఇందులో ఐజీఈ పాత్ర ఉండదు కనుక ఐజీఈని చూసే రక్తపరీక్ష సాధారణంగా ఏమీ చూపదు. దీన్ని లాక్టోజ్ పడకపోవడంగా పొరబడటం మామూలే. లాక్టోజ్ చక్కెర, అలర్జీ ప్రోటీన్ వల్ల. కాబట్టి లాక్టోజ్ లేని డబ్బా పాలు ఇక్కడ పనికిరావు.

తల్లి తిన్న పాల ప్రోటీన్ తల్లిపాలలోకి వస్తుంది కనుక, డాక్టరును సంప్రదించి, తల్లిపాలు ఆపకుండానే, తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, జున్ను, నెయ్యి, పాలపొడి కలిసిన బిస్కెట్లు మానాలి. లక్షణాలు తగ్గాక తల్లి మళ్ళీ పాలు తీసుకుని చూడాలి. అవి తిరిగి వస్తేనే నిర్ధారణ అయినట్టు. చాలామంది వదిలేసేది ఈ రెండో మెట్టునే, దాంతో అలర్జీ లేని బిడ్డ తల్లి కూడా నెలల తరబడి పథ్యం చేస్తుంది. విశాఖలో ఆ తల్లికి కాల్షియం దొరకడం కష్టం కాదు: రాగులు, నువ్వులు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే, ముల్లుతో సహా తినే నెత్తళ్ళు ఉన్నాయి. అయినా కాల్షియం, విటమిన్ డి మాత్రల గురించి డాక్టరును అడగాలి. డబ్బా పాల మీదే ఉన్న బిడ్డకైతే ప్రోటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా, తీవ్రమైతే అమైనో ఆమ్లాల ఫార్ములా రాస్తారు.

సమస్య: ఆవుపాలు మాని గేదెపాలు, మేకపాలు పట్టినా తగ్గలేదు.

వాటి ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు దగ్గరి చుట్టాలు. గాడిదపాలలో కేసిన్ తక్కువన్న మాట నిజమే కానీ, వీధిలో పచ్చిగా పితికి ఇచ్చే చెంచాడు పాలలో క్రిములు ఉండవచ్చు కనుక అది పరిష్కారం కాదు.

సమస్య: ప్రొబయాటిక్ (మేలు చేసే బాక్టీరియా ఉన్న) చుక్కలు వేస్తున్నా గుణం లేదు.

పేగుల్లోని బాక్టీరియాకు, ఈ అలర్జీకి సంబంధం ఉన్నది వాస్తవమే. 2019లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆరోగ్యవంతులైన శిశువుల పేగు బాక్టీరియాను క్రిములే లేని ఎలుకల్లో ప్రవేశపెట్టగా అవి పాల అలర్జీ నుంచి రక్షణ పొందాయి. అలర్జీ ఉన్న శిశువుల బాక్టీరియా ఆ రక్షణ ఇవ్వలేదు. అనేరోస్టైప్స్ కాకే అనే ఒక్క బాక్టీరియా జాతి కూడా ఆ పని చేసింది. అయితే అది దుకాణంలో దొరికే చుక్కల్లోని జాతి కాదు, ఎలుకా, మనిషి బిడ్డా ఒకటి కాదు. ఇటలీ వైద్యులు లాక్టోబాసిల్లస్ జీజీ అనే బాక్టీరియాను కలిపిన కేసిన్ హైడ్రోలైజేట్ (కేసిన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఫార్ములాతో కొందరు పిల్లలకు పాలు త్వరగా పడటం చూశారు. ఆ ఫలితం ఆ జాతికి, ఆ ఫార్ములాకే చెందుతుంది. పైగా కొన్ని ప్రొబయాటిక్ తయారీల్లో పాల ప్రోటీన్ జాడలు ఉంటాయి. లక్షణాలు తగ్గకపోవడానికి అదే కారణం కావచ్చు కాబట్టి, డబ్బా మీద అలర్జీ హెచ్చరిక చదవాలి. బిడ్డ పేగుల్లో బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే క్రిములకు మేత తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలు. అందుకే నా దృష్టిలో తల్లిపాలు నిలబెట్టడం, ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ వేయకపోవడం చుక్కల కంటే ముందు రావాలి.

సమస్య: ఎప్పటికి మళ్ళీ పాలు పట్టాలి?

ఎక్కువ మంది పిల్లలకు బడి వయసు నాటికి పాలు పడతాయి. ఆలస్యపు రకంలో కనీసం ఆరు నెలల పథ్యం తర్వాత, సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసులో, పాలు కలిపి బాగా కాల్చిన బిస్కెట్ ముక్కతో డాక్టరు సలహాపై మొదలుపెడతారు. వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చిన బిడ్డకు ఆ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి.