చేతిలో ఫోను – మూడో పాఠం: లింకు నొక్కేశాం, ఇప్పుడెట్టా?

ముందు పోయిన పాఠం ఇంటిపని. వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఒక లింకు తీసుకుని, జంట గీతల తర్వాత నుంచి ఆ వెనక వచ్చే ఒంటి గీత దాకా ఉన్న ముక్కని చివర నుంచి వెనక్కి చదవమన్నాను. చివర్న 'గవ్ డాట్ ఇన్' ఉంటే ప్రభుత్వానిది. 'గవ్' నడిమధ్యలో కూర్చుని, చివర్న డాట్ టాప్ అనో డాట్ ఎక్స్‌వైజెడ్ అనో ఉంటే ప్రభుత్వానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. హైదరాబాదులో సందుకో నెల్లూరు మెస్ ఉంటుంది. బోర్డు మీద ఊరి పేరుంటే ఆ మెస్సు మన ట్రంకు రోడ్డులో ఉన్నట్టా? బ్యాంకుల సంగతి ఇంకా తేలిక. 2025 అక్టోబరు 31 లోపు అన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. చివర్న అదుందా లేదా అని చూసుకుంటే చాలు.

ఇవాళ్టి పాఠం చదవకుండానే నొక్కేసినవాళ్ల కోసం.

మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఒక రాత్రి ఏరేటర్లు చూసుకుంటా గట్టు మీద కూర్చునుంటే, తోటి రైతు నంబరు నుంచి 'ట్రాఫిక్ చలానా' అని ఒక ఫైలు వచ్చింది. పేరు చివర డాట్ ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ పెట్టే ఫైలు. రెండ్రోజుల ముందే నెల్లూరులో హెల్మెట్ లేకుండా తిరిగొచ్చాడు, గుండె గుబేలుమని నొక్కేశాడు. గంట తర్వాత పక్క గుంట కాపలా మనిషి ఫోను నుంచి నాకు చేశాడు.

"బావా, నేను పంపకుండానే నా వాట్సాప్ నుంచి అందరికీ చలానా పోతా ఉందంట. నా ఫోనుకి ఏందో అయిపొయ్యింది బావా."

మర్నాడు కూర్చోబెట్టి ఆరా తీస్తే తేలింది: అతను నొక్కింది ఒకసారి కాదు, నాలుగుసార్లు. మొదటిసారికి ఫైలు దిగింది, అంతే. రెండోసారికి 'ఇక్కడి నుంచి తెలియని యాప్‌లు పెట్టుకోవడానికి అనుమతి లేదు' అని ఫోనే అడ్డం పడింది. ఇతను సెట్టింగుల్లోకి పోయి మరీ అనుమతి ఇచ్చాడు. మూడోసారి ప్లే ప్రొటెక్ట్ (ఫోనులో గూగుల్ పెట్టిన కాపలా) హెచ్చరిస్తే 'పర్లేదు, పెట్టు' అన్నాడు. నాలుగోసారి ఆ యాప్ ఎస్ఎంఎస్‌లు చదువుతానంటే సరేనన్నాడు. దొంగ గోడ దూకలేదు, మనవాడే నాలుగు గడియలు తీసి లోపలికి పిలిచాడు. అసలైన చలానా ఎప్పుడూ ఏపీకే ఫైలుగా రాదు. అనుమానం ఉంటే 'ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్' అని మనమే కొట్టి, బండి నంబరు పెట్టి చూసుకోవాలి.

లింకు తాకితే చాలు ఫోను పోయినట్టేనని ఊళ్లో అంటుంటారు. అంత తేలిగ్గా పోదని మా వాడి కథలోనే తేలింది. అసలు తాకకుండానే దూరే పెగాసస్ లాంటి గూఢచారి సరుకూ ఉంది. కానీ అది ఎంతో ఖరీదైంది, రొయ్యల రైతు మీద ఎవరూ వాడరు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీరు ఎన్నో గడియ దగ్గర ఆగారన్నది.

పేజీ తెరిచి మూసేశారా? డౌన్‌లోడ్స్‌లో ఫైలు ఉంటే తీసేయండి, నిద్రపొండి. పేజీలో పాస్‌వర్డు కొట్టారా? ఇంకో ఫోను నుంచి దాన్ని మార్చండి. కార్డు నంబరు ఇచ్చారా? కార్డు బ్లాక్ చేయించండి. ఐఫోన్ వాళ్లకి ఏపీకే బెడద లేదు, వాళ్లకి ఎక్కువగా తగిలేది ఈ దొంగ పేజీలే.

యాప్ పెట్టేసి ఉంటే మాత్రం వెంటనే ఏరోప్లేన్ మోడ్. వైఫై విడిగా ఆగిందో లేదో చూడండి, కొన్ని ఫోన్లలో అది ఆగదు. ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది: డబ్బులున్నాయో పోయాయో చూద్దామని అదే ఫోనులో బ్యాంకు యాప్ తెరిచి పిన్ కొడతారు. మా వాడూ అదే చేశాడు. అప్పటిదాకా దొంగకి ఓటీపీలే కనిపిస్తుంటే, ఇప్పుడు పిన్ కూడా కనిపించే వీలుంది.

సిమ్ము బయటికి తీసి, ఇంట్లో మూలనపడ్డ బటన్ల ఫోనులో వేయండి. జియో సిమ్మయితే 4జీ బటన్ల ఫోనే కావాలి. ఇప్పుడు ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకి, ఆ యాప్ కంట పడవు. అక్కడే *#21# కొట్టి చూడండి. మీ కాల్స్ ఎవరికో మళ్లించి ఉంటే తెలుస్తుంది. ##21# కొడితే రద్దవుతుంది, కాకపోతే కస్టమర్ కేర్‌కి చెప్పాలి.

డబ్బు పోయిందంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, బ్యాంకుకీ చెప్పండి. లావాదేవీ నంబరు, సొమ్ము, సమయం కాగితం మీద రాసుకుని మాట్లాడితే పని తొందరగా అవుతుంది. తెల్లారాక చూద్దాంలే అనుకోకండి. ఖాతాదారు పొరపాటు వల్ల పోయినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే సొమ్ము బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్‌లో చెప్పింది. చెప్పిన టైము, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

తర్వాత నిదానంగా యాప్ పని పట్టండి. దాని బొమ్మ చాలాసార్లు తెర మీద కనిపించదు, దాచేసుకుంటుంది. సెట్టింగులు, యాప్‌లు, అన్నీ చూడు అని పోయి వెతకాలి. మా వాడి ఫోనులో 'కస్టమర్ సపోర్ట్' పేరుతో దొరికింది. తీసేసే మీట పనిచేయకపోతే సెట్టింగుల్లోని 'డివైస్ అడ్మిన్' జాబితాలో దాని అనుమతి ముందు పీకేయండి. యాక్సెసిబిలిటీలోనూ చూడండి, అక్కడ దూరితే మీ బదులు అదే వేలు పెట్టి నొక్కగలదు. తీసేయబోతే ఆ యాప్ మిమ్మల్ని వెనక్కి తోసేస్తుంటే సేఫ్ మోడ్‌లోకి పొండి. చాలా ఫోన్లలో పవర్ మీట నొక్కాక వచ్చే 'పవర్ ఆఫ్' మీద వేలు అలాగే ఉంచితే అడుగుతుంది. అందులో మనం దింపుకున్న యాప్‌లు నడవవు, తీసేయడం సులువు. అప్పటికీ మనసొప్పకపోతే ఫొటోలు వేరే చోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్. మా వాడికి నేను అదే చేశాను. చివరగా వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి, మీవి కానివన్నీ లాగౌట్ కొట్టండి.

ఫోను వేడెక్కుతోంది, హ్యాక్ అయిందా అని అడిగారొకరు. రోహిణి కార్తెలో, మన నెల్లూరులో, మధ్యాహ్నం రెండింటికి బండి ట్యాంకు మీద పెట్టుకుని తిరిగితే వేడెక్కక ఏం చేస్తుంది? అడగని ఓటీపీలు రావడం, రావాల్సిన మెసేజీలు రాకపోవడం, మీరు పంపనివి మీ పేరున పోవడం, ఉన్నట్టుండి సిమ్ముకి సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోవడం, ఇవైతే అనుమానించండి.

ఇంటిపని: సెట్టింగుల్లో పైన వెతికే చోట 'తెలియని యాప్‌లు' అని కొట్టండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ పక్కన అనుమతి ఉంటే తీసేయండి. తీసేసే ముందు ఎన్నింటికి ఉందో లెక్కపెట్టండి. మా బావమరిది ఫోనులో మూడింటికి ఉంది. వచ్చే పాఠం వాట్సాప్ రెండంచెల పిన్.