మారిషస్‌లో సొంతంగా రుచుల యాత్రకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లోని వంటకాలను గైడు లేకుండా రుచి చూడదలచినవారు ముందుగా రోజును, వేళను నిర్ణయించుకోవాలి. ఆదివారం మధ్యాహ్నానికి మార్కెట్ సందడి తగ్గిపోతుంది, మామూలు రోజుల్లోనూ కార్యాలయాలు ముగిశాక నగరం నిర్మానుష్యమవుతుంది కనుక ఉదయమే మొదలుపెట్టాలి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 19వ శతాబ్దంలో కూలీలుగా వెళ్లిన మనవారి వారసులు నేటికీ దాన్ని జరుపుకుంటున్నారన్నది మనసును తాకే విషయమే అయినా, ఆ రోజున దుకాణాలు తెరుస్తారో లేదో ముందే తెలుసుకోవాలి.

శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. పప్పు కూరిన పల్చని రొట్టెలో చిక్కుడు గింజల కూర చుట్టి ఇచ్చే ధోల్ పూరీ, మన పప్పు వడను తలపించే గాతో పిమాఁ సాధారణంగా శాకాహారమే. కానీ వేయించిన నూడుల్స్‌లోను, బులెత్ అనే ఉండల్లోను రొయ్యలు, చేపలు, పంది మాంసం ఉండవచ్చు కాబట్టి ప్రతి చోటా అడిగి తీరాలి. మాంసాన్ని, శాకాహార వంటకాలను ఒకే నూనెలో వేయించే అవకాశం ఉందని మరువకూడదు.

పాలు, సబ్జా గింజలతో చేసే ఆలూదాను బాగా చల్లగా ఉంచిన చోటే తాగాలి. మిరప పచ్చడిని విడిగా అడగాలి. చిల్లర మారిషస్ రూపాయలు దగ్గర ఉంచుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానులు రావచ్చు కాబట్టి ఆ రోజు వాతావరణ ప్రకటన చూశాకే బయలుదేరాలి.