చర్మజన్యు పరీక్ష ఫలితం చదవడం – 3వ పాఠం: 373వ అక్షరం

జన్యువులోని ప్రతి మూడు అక్షరాలూ కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని, అంటే ప్రోటీను గొలుసులోని ఒక పూసను, సూచిస్తాయని గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ ఒక్క లెక్కతో ఈసారి పరీక్ష ఫలితంలోని ఒక వరుసను చదువుదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

'కేఆర్‌టీ14: సి.373సి>టి, పి.ఆర్గ్125సిస్.'

మొదటిది 17వ క్రోమోజోముపై ఉండే కేరటిన్ 14 జన్యువు పేరు. 'సి.' తరువాతి సంఖ్య అక్షరం ఎన్నవదో చెబుతుంది; సంఖ్య వెంట ఉన్నది అక్కడ సి అక్షరం బదులు టి వచ్చిందని చెబుతుంది. 373ను మూడుతో భాగిస్తే 124 వచ్చి 1 మిగులుతుంది. అంటే 124 అమైనో ఆమ్లాలు పూర్తయి, 125వ దాని మొదటి అక్షరం దగ్గర ఉన్నాం. అక్కడ సిజిసి ఉండవలసిన చోట టిజిసి వచ్చింది కనుక ఆర్జినైన్ బదులు సిస్టీన్ చేరింది. 'పి.' తరువాత ఉన్నది ప్రోటీనులో వచ్చిన ఈ మార్పే. సంఖ్య ఎప్పుడూ మీరే భాగించి సరిచూసుకోండి. ఆ అలవాటు రాబోయే పాఠాలన్నిటికీ ఆధారం.

ఇంత చిన్న మార్పు చర్మాన్ని ఎందుకు బొబ్బలెక్కిస్తుంది? అంబాజీపేట వైపు కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. పైచర్మపు అడుగు వరుస కణాలలో కేరటిన్ 14 ఒక పాయ, కేరటిన్ 5 రెండవ పాయ. రెండూ పెనవేసుకుంటేనే కణానికి బిగువు. 125వ స్థానం సరిగ్గా ఆ పురి మొదలయ్యే చోట ఉంది. అక్కడ పట్టు తప్పితే చెప్పు ఒరుసుకున్న పాటి రాపిడికే కణం చిట్లి, నీరు చేరి పొక్కు లేస్తుంది. మన మే నెల ఉక్కలో బాధ మరీ ఎక్కువ. ఈ వ్యాధి పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా సింప్లెక్స్; దీనికి కేరటిన్ లోపమే కారణమని 1991లో తేలింది.

చెడిన పాయ మంచి పాయలతో కలిసి మొత్తం తాడునే బలహీనపరుస్తుంది కనుక జన్యువుకు ఉండే రెండు ప్రతులలో ఒక్కదానిలో ఈ మార్పు ఉన్నా చాలు. ఈ మార్పు ఉన్నవారి నుంచి ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టడమూ ఉంది. అందుచేత ఈ వరుస చూసి మేనరికాన్ని నిందించడం పొరపాటు, ఆ నింద మోసే తల్లుల కోసమైనా ఈ మాట గట్టిగా చెప్పాలి. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే అరుదైన రకాలలో మేనరికానికి పాత్ర ఉంటుంది. వాటిని 5వ పాఠంలో చూద్దాం.

అభ్యాసం: అదే జన్యువులో 'సి.1151టి>సి' ఉంది. అది ఎన్నవ అమైనో ఆమ్లం, అందులో ఎన్నవ అక్షరం? జవాబు వచ్చే పాఠం మొదట్లో.