చెయ్యి దూరని సందు, కదలని బోల్టు: ఏ పానా పట్టాలి?

కాకినాడ, విశాఖల్లో ఉప్పుగాలికి ఎర్రబారే బోల్టు అనంతపురంలో ఏళ్ల తరబడి తెల్లగానే ఉంటుంది. అయినా ఇక్కడి బోల్టులేం మెత్తనివి కావు. ఎర్రగుంట్ల సిమెంటు లారీలకీ, బేతంచెర్ల బండలు మోసే ట్రాక్టర్లకీ కింది భాగంలో దుమ్ము, కారిన ఆయిల్ కలిసి మరల్లో గట్టకడతాయి. సైలెన్సర్ దగ్గర వేడికి స్టడ్డు (తల లేని మర కడ్డీ), నట్టు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పంక్చర్ షాపులో గాలి గన్ను పెట్టి టకటకమని బిగించిన వీల్ నట్టు బండిలో ఉండే చిన్న పానాకి లొంగదు. నిజమైన తుప్పు చూడాలంటే యూరియా, డీఏపీ మూటలు మోసిన ట్రాలీ చూడాలి. ఎరువు రాలిన చోట తడి తగిలితే బోల్టు తలలు పొరలుపొరలుగా రాలిపోతాయి.

కాబట్టి పానా అందుకునే ముందు వైర్ బ్రష్ అందుకోవాలి. ఇది చాలామంది చేయని పని. బోల్టు తల చుట్టూ మట్టి రెండు మిల్లీమీటర్లు పేరుకుని ఉంటే సాకెట్ (తల మీద టోపీలా కూర్చునే పానా) అడుగు దాకా దిగదు. పైన సగం తల మీదే పట్టు దొరుకుతుంది. బలం వేయగానే జారి మూలలు అరిగిపోతాయి. సందులో బ్రష్ పట్టకపోతే సన్న స్క్రూడ్రైవర్‌తో గీకి, గుడ్డకి కాస్త డీజిల్ తడిపి తుడవాలి.

తర్వాత సైజు. 10 పానా, అంటే 10 మి.మీ. తల పట్టేది, సరిపోయే బోల్టు దాదాపు అన్ని బండ్లలో ఎం6, అంటే మర 6 మి.మీ. లావు. గందరగోళమంతా దాని పైనుంచి మొదలవుతుంది. మారుతి, హోండా, యమహా లాంటి జపాన్ పద్ధతి బండ్లలో ఎం8 బోల్టుకి 12 తల, ఎం10కి 14, ఎం12కి 17 ఎక్కువ. టాటా, మహీంద్రా బండ్లలో అవే బోల్టులకు 13, 17, 19 తలలు ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడక్కడా 16, 18 కూడా తగులుతాయి. 12 తల మీద 13 పానా దూరుతుంది, తిరిగినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే గుండ్రం చేసి పెడుతుంది. 12, 13, 14 మూడూ లేని సెట్టు కొనొద్దు.

పాత మాస్సీ ఫెర్గూసన్ లాంటి ట్రాక్టర్ల సంగతి వేరు, వాటిలో అంగుళాల బోల్టులుంటాయి. అర అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా కాస్త వదులు. 9/16 అంటే 14.3, కాబట్టి 14 దూరదు, 15 ఆడుతుంది. 3/4 మాత్రం 19.05 కనుక 19 సరిగ్గా కూర్చుంటుంది. అంగుళాల సాకెట్లు ఇంట్లో ఉంటే పాత ఇనుముకి వెయ్యకండి. వాటికి ఇంకో పని ఉంది, తర్వాత చెబుతాం.

సందులో పానా ఎంత తిరగగలదు

ఇరుకు సందులో మొదట చూడాల్సింది పానా పొడవు కాదు, అది తిరిగే జాగా. ఆరు పలకల నట్టుని మామూలుగా 60 డిగ్రీలు తిప్పితేనే పానా తీసి మళ్లీ పెట్టుకోగలం. నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానాకి తల 15 డిగ్రీలు వాలి ఉంటుంది, అందంకోసం కాదు. ఒకసారి లాగి, పానాని తిరగేసి పెడితే 30 డిగ్రీల జాగాలోనే పని నడుస్తుంది. పన్నెండు మూలల రింగు పానాకీ 30 డిగ్రీలే చాలు. 24 పళ్ల రాట్చెట్‌కి (ఒకవైపే పట్టి, వెనక్కి టకటకమని జారే సాకెట్ పిడి) 15 డిగ్రీలు, 72 పళ్లదానికి 5 డిగ్రీలు.

డిగ్రీలంటే చేతికి తెలియదు కదా, కొలతలో చూద్దాం. 20 సెం.మీ. పిడి ఉన్న 24 పళ్ల రాట్చెట్ ఒక్క పన్ను దాటాలంటే పిడి చివర 5 సెం.మీ. పైగా కదలాలి, అంటే మూడు వేళ్ల వెడల్పు. అదే పిడికి 72 పళ్లుంటే 17 మి.మీ. చాలు, ఒక్క వేలి వెడల్పు. కారులో బ్యాటరీ ట్రేకీ గేర్‌బాక్సుకీ మధ్య దొరికే జాగా అంతే ఉంటుంది.

పళ్లు ఎక్కువైతే పన్ను చిన్నదవుతుంది. పట్టేసిన బోల్టుని సన్న పళ్ల రాట్చెట్‌తో కదిలించబోతే లోపలి పన్నే రాలుతుంది. మొదటి కదలిక రింగు పానాతోనో, పొడుగు బార్‌తోనో తెప్పించి, ఆ తర్వాతే రాట్చెట్ పెట్టాలి. రింగులోనే రాట్చెట్ ఉన్న పానాలకి ఇంకో మెలిక ఉంది. వెనక్కి తిప్పే మీట లేని రకమైతే నట్టు ఊడుతూ పైకి వచ్చి, పానాని ఛాసిస్‌కి నొక్కేస్తుంది. బయటికి రాదు, వెనక్కి తిరగదు. ఎదురుగా గోడ ఉన్న చోట మీట ఉన్నదే పెట్టండి.

మన షాపుల్లో అడగ్గానే చూపించేది అర అంగుళం డ్రైవ్ సెట్టు, అంటే సాకెట్ తగిలించే చదరపు ముక్క అర అంగుళం ఉన్నది. ట్రాక్టర్‌కి, వీల్ నట్లకి అది సరే. కానీ అందులో రాట్చెట్ తల, సాకెట్ కలిపితే ఎత్తు దాదాపు 7 సెం.మీ. అవుతుంది. బైకు, కారు ఇంజన్ సందుల్లో ఆ ఎత్తే అడ్డం. 10 నుంచి 17 దాకా 3/8 డ్రైవ్ చాలు, ముందు కొనాల్సిందీ అదే. 10 కంటే చిన్నవాటికి పావు అంగుళం. పొట్టి సాకెట్లతో పాటు 10, 12, 14 పొడుగు సాకెట్లు విడిగా తీసుకోండి. స్టడ్డు బయటికి పొడుచుకొచ్చిన నట్టు మీద పొట్టి సాకెట్ అడుగు దాకా కూర్చోదు.

ఎక్స్‌టెన్షన్ రాడ్లు 75, 150, 250 మి.మీ. మూడూ ఉంటే కలిపి వాడుకోవచ్చు. స్టార్టర్ మోటార్ పై బోల్టు చాలా కార్లలో పైనుంచి కనిపించదు. కింద పడుకుని గేర్‌బాక్సు పక్కనుంచి 40, 50 సెం.మీ. రాడ్ పంపి, చివర యూనివర్సల్ జాయింట్‌తో (ఎటైనా వంగే కీలు) అందుకోవాలి. జాయింట్ తల వాల్చేస్తూ ఉంటుంది, సాకెట్ బోల్టు మీదికి పోదు. దాని నడుముకి ఎలక్ట్రికల్ టేపు రెండు చుట్లు వేస్తే నిలబడుతుంది, అవసరమైనంత వంగుతుంది కూడా. తిరిగి బిగించేటప్పుడు బోల్టు జారిపడకుండా సాకెట్‌లో చిన్న కాగితం ముక్క పెట్టి బోల్టు తలని దానిలోకి నొక్కండి. వంపు 30 డిగ్రీలు దాటితే జాయింట్ బలాన్ని తినేస్తుంది, సాకెట్‌ని పక్కకి తోస్తుంది. కొంచెం వంపుకి వాబుల్ ఎక్స్‌టెన్షన్ (చివర సాకెట్ కొద్దిగా వాలే రాడ్) మేలు.

మొండి బోల్టు మీద ఎంత బలం

పట్టేసిన బోల్టుకి ఆరు మూలల సాకెట్ మాత్రమే వాడాలి. అది పలకల మీద పట్టుకుంటుంది. పన్నెండు మూలలది మూలల దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి అరిగిన తలని ఇంకా అరగదీస్తుంది. సాకెట్ నోటి దగ్గర లోపలి అంచు వాలుగా చెక్కి ఉంటుంది, ఆ వాలులో పట్టు ఉండదు. పలచటి తల ఉన్న బోల్టులకి ఒక పాత సాకెట్ నోటిని గ్రైండర్ మీద సమంగా అరగదీసి ప్రత్యేకంగా ఉంచుకునే మెకానిక్కులు ఉన్నారు. తెలివైన పని. గాలి గన్నుకి, దెబ్బలతో తిప్పే విద్యుత్ ఇంపాక్ట్ గన్నుకి మాత్రం నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే. మెరిసే క్రోమ్ సాకెట్ ఆ దెబ్బలకి పగిలి ముక్కలు ముఖం మీదికి ఎగరొచ్చు.

ఇక పైపు. పానాకి పైపు తొడిగి లాగడం మన ఊళ్లలో అందరూ చేసేదే. లెక్క చూడండి. 25 సెం.మీ. పానా చివర 20 కిలోల బలంతో లాగితే దాదాపు 49 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత). 60 సెం.మీ. పైపు చివర 30 కిలోలు వేస్తే 176. వీల్ నట్టుకి అది అవసరం పడొచ్చు. కానీ ఎం6 బోల్టు బిగింపే సుమారు 10 న్యూటన్ మీటర్లు. 15 సెం.మీ. పానా మీద 7 కిలోలు వేస్తే అంత వచ్చేస్తుంది, దానికి రెట్టింపు పడితే బోల్టు తెగుతుంది. అందుకే 17, అంతకంటే పెద్ద తలలకే పైపు. రాట్చెట్‌కి ఎప్పుడూ వద్దు.

చిన్న బోల్టుకి కావాల్సింది కుదుపు. ఇత్తడి కడ్డీ తల మీద ఆనించి సుత్తితో నిటారుగా నాలుగైదు దెబ్బలు వేస్తే మరల్లో గట్టకట్టిన దుమ్ము, తుప్పు చిట్లుతాయి. బైకు ఇంజన్ కవర్ స్క్రూలకి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉండాలి. దాన్ని ఊడదీసే వైపు తిప్పి పెట్టి, బిట్ గాడిలో గట్టిగా నొక్కి, ఒక్క దెబ్బ కొట్టాలి. జపాన్ పద్ధతి స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్‌లాగే ఉంటాయి, గాడి కొలత వేరు. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వాటిలో అడుగు తాకకుండానే పైకి జారుతుంది. ఎం6 స్క్రూకి 3 నంబరు బిట్, ఎం5కి 2 నంబరు.

తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టి వెంటనే పానా వేస్తే డబ్బు దండగ. నూనె మరల్లోకి పాకడానికి గంటలు పడుతుంది, రాత్రంతా వదిలేస్తే ఇంకా నయం. డీజిల్, కిరోసిన్ కూడా పనిచేస్తాయి, నిదానంగా.

వేడి మీద నమ్మకం ఎక్కువమందికి ఉంది కానీ దేన్ని వేడి చేయాలో తెలియక పాడు చేస్తారు. 12 మి.మీ. ఇనుప నట్టుని 300 డిగ్రీలు పెంచితే రంధ్రం దాదాపు 0.04 మి.మీ. పెరుగుతుంది. తుప్పు పట్టు సడలడానికి అది చాలు. బోల్టుని కాదు, చుట్టూ ఉన్న నట్టునీ, బోల్టు దిగిన భాగాన్నీ వేడి చేయాలి. అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, కాబట్టి అల్యూమినియం ఇంజన్ హెడ్డులోని స్టడ్డుకి హాట్ ఎయిర్ గన్ను వేడి సరిపోతుంది. పెట్రోల్ ట్యాంకు, పైపులు, రబ్బరు బుష్షులు, సీళ్లు దగ్గరుంటే మంట ఊసే వద్దు. స్ప్రే తడి ఆరకముందు కూడా వద్దు.

సైలెన్సర్ నట్లు విప్పడం

చిన్న బైకుల్లో సైలెన్సర్ పైపు హెడ్డుకి తగిలే చోట రెండు నట్లుంటాయి, ఎక్కువగా 10 పానావే. స్టడ్డు ఇనుము, హెడ్డు అల్యూమినియం, రోజూ కాలుతూ చల్లారుతూ ఉంటాయి. ఇక్కడ తెగే స్టడ్లలో ఎక్కువ తొందరకి తెగేవే.

సాయంత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాక స్టడ్డు చివరి మరలని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, నట్టు వెనకా ముందూ స్ప్రే కొట్టండి. పొద్దున ఇంకోసారి కొట్టి, గుడ్డతో తుడిచి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. హెడ్డు చేత్తో తాకగలిగే వెచ్చదనంలో ఉండాలి. ఆరు మూలల పొడుగు 10 సాకెట్, 3/8 డ్రైవ్, 150 మి.మీ. ఎక్స్‌టెన్షన్ పెట్టి, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పండి. చిన్న టక్‌మనే శబ్దం వస్తే పట్టు వదిలినట్టు. అప్పుడు పావు చుట్టు విప్పి, ఎనిమిదో వంతు వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ పోవాలి. కీచుమంటే ఆపి స్ప్రే. పిడి స్ప్రింగులా సాగుతూ నట్టు మాత్రం కదలకపోతే అక్కడితో ఆపేయండి, అది స్టడ్డు మెలిపడుతున్న గుర్తు. నట్టుతో పాటు స్టడ్డే ఊడొస్తే నష్టమేం లేదు, కొత్తది వేసుకోవచ్చు.

తెగితే, బయట మిగిలిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి, ఎర్రదనం తగ్గాక తిప్పడం అన్నిటికంటే నమ్మకమైన దారి. తెగిన ముక్కలో రంధ్రం వేసి, అందులో దించి తిప్పే సన్నటి ఎక్స్‌ట్రాక్టర్లు గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని తాకలేదు, హెడ్డు లేత్ షాపుకి పోవాల్సిందే. రంధ్రం వేసి కొత్త మర కోయాలంటే ఎం6కి 5 మి.మీ., ఎం8కి 6.8 మి.మీ. బిట్.

తల గుండ్రమైపోతే

ఇక్కడే అంగుళాల సాకెట్లు అక్కరకొస్తాయి. గుండ్రమైన 10 తల మీద 3/8 ఆరు మూలల సాకెట్ని సుత్తితో దిగ్గొట్టండి. అది 9.5 మి.మీ. కాబట్టి కొత్త పలకలు చెక్కుకుంటూ దిగుతుంది. 13 తలకి అర అంగుళం. ఎలెన్ తల (మధ్యలో ఆరు పలకల గుంట ఉన్నది) లోపల అరిగితే 5కి టీ30, 6కి టీ40 టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపుది) దిగ్గొట్టాలి. ఆ బోల్టు మళ్లీ వాడొద్దు. ఇవేవీ కుదరకపోతే లాకింగ్ ప్లయర్, చివరికి ఉలి.

బ్రేకు పైపు నట్టు దగ్గర ఈ ప్రయోగాలు వద్దు. ఇత్తడి రంగు నట్టు మెత్తగా ఉంటుంది, ఫిక్స్ పానా రెండు పలకలనే పట్టుకుని నలిపేస్తుంది. పైపు దూరేంత చీలిక ఉన్న ఫ్లేర్ నట్ పానా, 10, 11 సైజుల్లో, దీనికోసమే.

ఎడమ మరలు కూడా గుర్తుండాలి. కొన్ని పాత లారీల్లో ఎడమ వైపు చక్రాల నట్లు సవ్యదిశలో తిప్పితే ఊడతాయి. పైపు తొడిగి తప్పు దిశలో లాగి స్టడ్డు తెంచాక తెలుసుకోవడం కంటే, కనిపించే మర ఎటు వాలిందో ముందే చూడటం మంచిది.

తిరిగి బిగించేటప్పుడు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే పోవాలి. సైలెన్సర్ స్టడ్లకి రాగి గ్రీజు కొంచెం పూయండి, వీల్ నట్లకి వద్దు. సందులో టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే తెలిపే పానా) చివర క్రోఫుట్ (పిడి లేని చిన్న పానా నోరు) తగిలించి రెంచ్‌కి సూటిగా పెడితే పొడవు పెరిగి బలం ఎక్కువ పడుతుంది. 300 మి.మీ. రెంచ్‌కి 40 మి.మీ. క్రోఫుట్ ఉంటే, 50 న్యూటన్ మీటర్లు కావాల్సిన చోట 44 మీద పెట్టాలి. అడ్డంగా, 90 డిగ్రీల్లో తగిలిస్తే ఈ లెక్క అక్కర్లేదు, 50 మీదే ఉంచొచ్చు. పని అయ్యాక క్లిక్ రకం రెంచ్‌ని అతి తక్కువ అంకె మీదికి తిప్పి పెట్టెలో పెట్టండి, ఎండలో బండి మీద వదిలేయకుండా.